కొత్త గొట్టం, పాత కొలత

ఆ మంగళవారం పొద్దున ఓరిన్ ట్వెట్ కొట్టు తలుపుని మోకాలితో నెట్టుకుని లోపలికొచ్చాడు. రెండు చేతుల మీదా రైఫిల్ ఉంది. జబ్బు చేసిన గొర్రెపిల్లని తెచ్చినట్టు తెచ్చాడు దాన్ని.

"బోల్టు తెరుచుకోవట్లేదు," అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

ఆర్డిస్ హాగెన్ లేత్ మిషను ఆపి, చేతులు గుడ్డకి తుడుచుకుంది. స్వీడ్ క్రీక్ ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల అరవై మైళ్లలో తుపాకులు బాగుచేసే మనిషి ఆమె ఒక్కతే. యాభై ఏడేళ్లు. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, దానికోసం ఎప్పుడూ బల్లంతా వెతుకుతుంది.

"లోపల తూటా ఉందా బాబాయ్?"

"పేలిందే. ఖాళీ గుల్ల పట్టేసింది. పద్దెనిమిది మైళ్లూ ఇలాగే తెచ్చాను. ట్రక్కెక్కమంటే బెర్నిస్ ఎక్కనంది."

"పిన్నికి బుద్ధుంది."

ఓరిన్ రక్తసంబంధం కాదు. ఆర్డిస్ తండ్రితో కలిసి నలభై ఏళ్లు వేటకెళ్లినవాడు. చిన్నప్పుడు బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టింది, తండ్రి పోయాక ఆ పిలుపు ఇంకాస్త ముదిరింది.

ఆమె రైఫిల్‌ని వైసులో తోలుముక్కల మధ్య బిగించింది. బోల్టు పిడికి చెక్కముక్క ఆనించి చిన్న సుత్తితో ఒకటి, రెండు, మూడు దెబ్బలు కొట్టింది. నాలుగో దెబ్బకి పిడి కీచుమంటూ లేచింది. బోల్టు వెనక్కి లాగితే ఇత్తడి గుల్ల బల్ల మీద పడింది. కళ్లజోడు కిందికి లాక్కుని గుల్లని దీపం దగ్గర పెట్టి చూసింది. అడుగున సూది తగిలే చోట ఉండే ప్రైమరు, దాని అంచు గుండ్రంగా ఉండాల్సింది, అట్టులా పరుచుకుపోయి ఉంది. దాని పక్కనే అర్ధచంద్రంలా మెరిసే మచ్చ. ఇత్తడి మెత్తబడి బోల్టు ముఖం మీది కంతలోకి పాకితే వచ్చే మచ్చ అది.

"ఇంట్లో చేసుకునే తూటాల్లో మందు ఎంత పోస్తున్నావు?"

"ఎంత కావాలో అంత." ఓరిన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "సెకనుకి మూడు వేల యాభై అడుగులు. పాత గొట్టంలో ముప్ఫై ఏళ్లు అదే వేగం. నువ్వు కొత్తది వేశాక వంద పైగా పడిపోయింది. కాస్త కాస్తగా పెంచుకుంటూ వచ్చాను. పోయిన వారం మళ్లీ మూడు వేల యాభై తాకింది."

"గొట్టం నాలుగంగుళాలు పొట్టి చెయ్యమన్నది నువ్వే కదా, బరువు మొయ్యలేకపోతున్నానని. పొట్టయితే వేగం తగ్గదా?"

"తగ్గినదాన్ని పూడ్చుకున్నాను."

"దేంతో పూడ్చావు బాబాయ్? గుండుని వెనకనుంచి తోసేది ఒత్తిడే. తోసే దూరం తగ్గింది. అయినా అదే వేగం కావాలంటే తోపు అంత గట్టిగా ఉండాలి. ఆ తోపు ముందుకి మాత్రమే ఉండదు, చుట్టూ ఉంటుంది. బోల్టు మీద కూడా. బోల్టు వెనకాల నీ కన్నుంది."

"నాకు పాఠం చెబుతున్నావా?" ఓరిన్ చెవులు ఎర్రబడ్డాయి. "పన్నెండేళ్లప్పుడు నీ చేతికి తూటాలు చేసే ప్రెస్సు హ్యాండిలు ఇచ్చి, ఇలా లాగు, ఇలా వదులు అని నేర్పింది ఎవరు?"

"నువ్వే."

"మరి? గొట్టంలో తూటా కూర్చునే గది బిగుతుగా కోశావు, అదీ సంగతి. ఒప్పుకుంటే తప్పేముంది?"

ఆర్డిస్ గుల్లని బల్ల మీద నిలబెట్టింది. కోపం వస్తే ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది.

"నేను కోసిన గది సరిగ్గా ఉంది. కొట్లో కొన్న తూటాలు పెట్టి కాల్చి చూశాకే నీకిచ్చాను. ఇంటికెళ్లి చేసుకున్న తూటాలన్నీ విప్పెయ్. మందు తగ్గించు."

ఓరిన్ వైసు తనే విప్పుకున్నాడు. తుపాకీ తీసుకుని, తలుపుని ఈసారి భుజంతో తోసుకుని వెళ్లిపోయాడు. గుల్ల బల్ల మీదే ఉండిపోయింది.

*

గురువారం డ్వేన్ క్రుమ్ వచ్చాడు. రోడ్ల శాఖలో పనిచేసి రిటైరయ్యి, ఊరి షూటింగ్ క్లబ్బుకి సెక్రటరీగా ఉన్నాడు. అతని రైఫిల్ కొత్త గొట్టం కోసం ఆర్డిస్ దగ్గర వరసలో ఉంది.

"అది... ఇంకా మొదలుపెట్టలేదు కదా?" అన్నాడు, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ.

"రేపు పెడదామనుకుంటున్నా."

"వద్దులే. వేట సీజనయ్యాక చూద్దాం. ఈ ఏడాదికి పాతదే నడుస్తుంది."

"నిన్నటిదాకా దాంతో గోడకి కూడా తగలట్లేదన్నావు."

డ్వేన్ తల గోక్కున్నాడు. "చూడు ఆర్డిస్, నేనేం నమ్మలేదు. కానీ ఓరిన్ హోటల్లో అన్నాడు, నువ్వు గది బిగుతుగా కోశావని. అరిచి అనలేదు. కాఫీ కలుపుకుంటూ మామూలుగా అన్నాడు. ఆ మనిషి లేనిది చెప్పడు కదా."

అదే నిజం. ఓరిన్ లేనిది చెప్పడు. వేరే ఎవరి గురించైనా ఓరిన్ అలా అని ఉంటే ఆర్డిస్ కూడా నమ్మేసేది. ఆమె డ్వేన్ రైఫిల్ తీసి అతని చేతిలో పెట్టింది. సాయంత్రానికి ఇంకో ఇద్దరు ఫోన్ చేశారు. వాళ్లకీ తొందరేం లేదట, సీజనయ్యాక చూద్దామట.

మర్నాడు మధ్యాహ్నం బెర్నిస్ వచ్చింది, అడవి చెర్రీల జామ్ సీసా పట్టుకుని. స్టూలు మీద కూర్చుని, కోటు కూడా విప్పకుండా మొదలుపెట్టింది.

"ఆయనంతే. మొండి. పెళ్లయిన కొత్తలోనే చెప్పారు మా వాళ్లు, ట్వెట్ల ఇంట్లో గాడిదలు పెంచక్కర్లేదని."

"నా మీద కోపంగా ఉన్నాడా పిన్నీ?"

"నీ మీద కాదే. ఆ మూడు వేల యాభై అంకె మీద. వెనక వరండాలో కూర్చుని కాగితాల నిండా అంకెలు రాస్తున్నాడు. పోయినేడు వేటకెళ్లే ఆ గుట్ట సగం దాకా ఎక్కి కూలబడ్డాడు, నీకు చెప్పాడా? చెప్పడు. దిగొచ్చి, జింకలు లేవన్నాడు. బట్టలు ఉతుకుతుంటే తెలిసింది, మోకాళ్ల దగ్గరంతా మట్టి. పాక్కుంటూ దిగాడు." బెర్నిస్ సీసా మూత అనవసరంగా బిగించింది. "గొట్టం పొట్టి చేయించుకోవడానికే ఆయనకి నెల పట్టింది. ఇంక ఆ వేగం కూడా పోయిందంటే..."

ఆర్డిస్ కాఫీ పోసిచ్చింది.

"రేపు క్లబ్బులో అందరూ గురి చూసుకునే రోజు కదా," అంది బెర్నిస్. "ఆయనొస్తాడు, ఆ తూటాలే తెస్తాడు. నా మాట వినడు. ఏదో ఒకటి చెయ్యి తల్లీ. ఎనభయ్యేళ్లు దగ్గర పడుతుంటే ఆయనకి ఒంటికన్ను వేషం వద్దు."

*

శనివారం ఎండ బాగానే ఉంది గానీ గాలి చల్లగా ఉంది. గడ్డి మైదానం అంచున ఆరు బల్లలు, ఇసుక సంచులు, వంద గజాల అవతల మట్టిగట్టుకి కాగితాలు. ఒక పక్క ఎవరో సాసేజీలు కాలుస్తున్నారు. డ్వేన్ తన వేగం కొలిచే పెట్టెని మధ్య బల్ల మీద పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ పెళ్లికొడుకుని చూపించినట్టు చూపిస్తున్నాడు.

ఓరిన్‌ని పక్కకి పిలిచి మాట్లాడదామనే ఆర్డిస్ ఇంటి దగ్గర అనుకుంది. కానీ ట్రక్కు దిగగానే, కబుర్లాడుకుంటున్న ముగ్గురు మగవాళ్లు ఆమెని చూసి గబుక్కున మాటాపేశారు. దాంతో ఆమె నేరుగా మధ్య బల్ల దగ్గరికే నడిచింది.

"ఓరిన్ బాబాయ్, నీ తుపాకీతో నన్ను మూడు గుళ్లు కాల్చనిస్తావా? అందరి ముందూ. తర్వాత నీ తూటాలు నువ్వు మూడు కాల్చు."

చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. ఓరిన్ ఆమెని ఒక్క క్షణం చూసి, "కానీ," అన్నాడు.

కోటు జేబులోంచి కొట్లో కొన్న తూటాల పెట్టె తీసిందామె. మొదటి గుండు. డ్వేన్ అంకె చదివాడు: "రెండు వేల తొమ్మిది వందల పది." ఆర్డిస్ అరచేయి వెడల్పుగా చాపి, ఒక్క వేలితో బోల్టు లేపింది. గుల్ల టింగుమని ఎగిరి పడింది. రెండోది, మూడోదీ అంతే. గుల్లలు మూడూ ఏరి బల్ల మీద బోర్లా నిలబెట్టింది.

ఓరిన్ వంతు వచ్చింది. "కళ్లద్దాలు పెట్టుకో," అని ఆమె తన రక్షణ కళ్లద్దాలు ఇచ్చింది. అతను పెట్టుకున్నాడు. మొదటి దెబ్బకి చప్పుడులోనే తేడా తెలిసింది.

"మూడు వేల అరవై!" అన్నాడు డ్వేన్.

ఎవరో ఈల వేశారు. ఓరిన్ బోల్టు లేపబోయాడు, లేవలేదు. అరచేత్తో కింది నుంచి రెండుసార్లు పొడిస్తే లేచింది. రెండోదానికి మూడు పోట్లు. మూడో తూటా పెట్టి బోల్టు మూశాడు గానీ కాల్చలేదు. కాసేపు తుపాకీ మీద చెంప ఆనించే ఉండి, బోల్టు తెరిచి ఆ తూటాని బయటికి తీసి పెట్టెలో పెట్టేశాడు.

ఆర్డిస్ అతని రెండు గుల్లల్నీ తన మూడింటి పక్కన నిలబెట్టింది.

"అందరూ చూడండి. తుపాకీ ఒకటే, గది ఒకటే. వేగం ఎంతో ఆ పెట్టె చెబుతుంది. ఒత్తిడెంతో అది చెప్పదు, ఇత్తడి చెబుతుంది. ఇరవై అంగుళాల గొట్టంలోంచి ఇరవై నాలుగంగుళాల వేగం ఊరికే రాదు."

డ్వేన్ వంగి చూశాడు. "అయ్యబాబోయ్, ప్రైమరు అప్పడమైపోయింది."

"ఓరిన్, నువ్వు జింకల కోసమా, చంద్రుడి మీదకా?" అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు. దుర్మార్గపు నవ్వు కాదు గానీ నవ్వే.

ఓరిన్ కూడా నవ్వబోయాడు, మూతి సహకరించలేదు. రైఫిల్ సంచిలో పెట్టి జిప్పు లాగాడు. అది మధ్యలో ఇరుక్కుంది. వెనక్కి లాగి, మళ్లీ ముందుకి లాగి, మూడోసారికి మూశాడు. ఎవరూ సాయం రాలేదు. ఆర్డిస్ చెయ్యి ముందుకొచ్చి ఆగిపోయింది. సాసేజీ తినకుండానే అతని ట్రక్కు వెళ్లిపోయింది. తూటాల పెట్టె బల్ల మీదే మర్చిపోయాడు.

"నా రైఫిల్ సోమవారం తెచ్చిస్తా," అన్నాడు డ్వేన్, ఆర్డిస్ భుజం మీద తట్టి. ఆమె ఓరిన్ మర్చిపోయిన పెట్టె తీసుకుని ట్రక్కెక్కింది.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, ఓరిన్ తూటాల పెట్టె ముందేసుకుని కూర్చుంది. ఎలాగూ వాటిని విప్పేసి, గుళ్లూ గుల్లలూ శుభ్రంగా అతనికి తిరిగివ్వాలని. సుత్తిలా ఉండే విప్పే పనిముట్టులో తూటాని పెట్టి దుంగ మీద మోదితే, గుండు ఊడి మందు గిన్నెలో పడింది. తూకం వేసింది. తూటాల లెక్కల పుస్తకంలో ఉన్న గరిష్ఠం కంటే గ్రెయినున్నర, అంటే గ్రాములో పదో వంతు, ఎక్కువ.

తప్పే. కానీ ఆమె ముఖం చిట్లించింది. గ్రెయినున్నరకి ఇత్తడి అలా పాకదు. ఇంకొకటి తూచింది. అంతే ఉంది.

మూడోది చేతిలోకి తీసుకుంటే గోటికి ఏదో గరుకుగా తగిలింది. దీపం కింద తిప్పి చూసింది. నిన్న ఓరిన్ గదిలో పెట్టి, కాల్చకుండా తీసేసిన తూటా అది. దాని గుండు చుట్టూ, సమానమైన ఎడంతో, ఎలుక పళ్లతో కొరికినట్టు చిన్న చిన్న గీతలు ఉన్నాయి.

ఆర్డిస్ సన్న కొలతలు తీసే వెర్నియరు తీసి తూటా పొడవు కొలిచింది. ఉండాల్సిన దానికంటే బాగా పొడుగుంది. గుండుని గుల్లలోకి తక్కువ దింపి, మొనని బయటికి వదిలాడు.

లేచి, మూలనున్న పాత గొట్టాల్లోంచి ఓరిన్‌దాన్ని వెతికి తీసింది. లోపలికి దీపం వేసి చూసింది. తూటా గదికి ముందు, గొట్టం లోపల మెలికలుగా కోసిన గాళ్లలోకి గుండు దూరే చోటు, గొంతు అంటారు దాన్ని, ముప్ఫై ఏళ్ల నిప్పుకి అరిగిపోయి ఉంది. గాళ్లు ముందుకి ముందుకి అరిగిపోతుంటే ఓరిన్ కూడా ఏడాదికింత చొప్పున గుండుని బయటికి జరుపుకుంటూ వాటి వెంట వెళ్లాడు. పాత గొట్టానికి అది సరైన పనే, మంచి పనివాడి పని. కానీ కొత్త గొట్టంలో గొంతు అరగలేదు. అదే పొడవు తూటా పెట్టి బోల్టు మూస్తే గుండు నేరుగా గాళ్లలోకి కూరుకుపోతుంది. మందు అంటుకునేసరికి గుండుకి కదలడానికి కాస్త చోటు ఉండాలి. అది లేకపోతే ఒత్తిడి మొదటి క్షణంలోనే ఆకాశానికి లేస్తుంది. పాత మందే పోసినా లేస్తుంది. దాని మీద ఈయన ఇంకా పోశాడు.

కొత్త గొట్టం నుంచే కోసిన జానెడు ముక్కలో, గది కోసే అదే రీమరుతో ఇంకో గది కోసి దాచింది ఆర్డిస్, ప్రతి పనికీ అలా దాస్తుంది. ఒక గుల్లలో మందూ ప్రైమరూ లేకుండా, అదే పొడవుకి గుండు దింపి ఆ ముక్కలోకి బొటనవేలితో నెట్టి, తలకిందులు చేసింది. అది కింద పడలేదు. ఊపినా పడలేదు.

అప్పుడు రసీదుల పుస్తకం తెరిచింది. కొత్త గొట్టం వేయించుకున్న ప్రతి ఒక్కరి కాగితం మీదా కింద ఆమె చేతిరాత ఉంటుంది: "ఇది కొత్త గొట్టం. పాత మందు లెక్క, పాత పొడవు పనికిరావు. అంతా కింది నుంచి మొదలుపెట్టండి." పేరు కూడా సరిగ్గా తెలియని వాళ్లకి సైతం అది రాసి, మళ్లీ నోటితో కూడా చెప్పి పంపేది.

ఓరిన్ కాగితం మీద ఒకే ఒక్క లైను ఉంది. "బాబాయ్ రైఫిల్, ఇరవై అంగుళాలు, తేలిగ్గా."

ఆయనకి చెప్పాలని ఆమెకి తోచనేలేదు. తనకి నేర్పినవాడికి తనేం చెబుతుంది? బెర్నిస్ పిన్ని కులాసానా, దూడలెన్ని పుట్టాయి అని అడిగి చేతిలో పెట్టి పంపింది.

ఈ సంగతి ఇప్పుడు ప్రపంచంలో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. నిన్న క్లబ్బులో తీర్పు కూడా అయిపోయింది.

*

సోమవారం పొద్దున కొట్టుకి తాళం వేసి ట్వెట్ల ర్యాంచికి వెళ్లింది. బెర్నిస్ గుమ్మంలోనే చెప్పింది: "మందు డబ్బాలు, ప్రెస్సు అన్నీ అట్టపెట్టెల్లో సర్దేశాడు. తుపాకీ అమ్మేస్తాడట. పొద్దున్నించి ఒక్క తిట్టు లేదు. నాకు భయమేస్తోంది."

ఓరిన్ పశువుల తొట్టి దగ్గర పారతో నాచు గీకుతున్నాడు. ఆమెని చూసి పని ఆపలేదు.

"తూటాలు తెచ్చావా? అక్కడ పెట్టు."

"అన్నీ విప్పాను బాబాయ్. ఒక్కటి తప్ప." గీతలు పడ్డ ఆ తూటా అతని ముందు పట్టుకుంది. "దీన్ని చూడు."

అతను చేతి తొడుగు విప్పి తూటా అందుకున్నాడు. ఎండకేసి తిప్పాడు. అతని పెదాలు కదిలాయి, గీతలు లెక్కపెడుతున్నట్టు. ఆర్డిస్ జానెడు గొట్టం ముక్క, మందు లేని ఉత్త తూటా కూడా చేతిలో పెట్టి, చెప్పాల్సిందంతా చెప్పింది. పాత గొంతు సంగతి, కొత్త గొంతు సంగతి, రసీదు సంగతి. "అందరికీ చెప్పాను. నీకు చెప్పలేదు. పైగా నిన్న కాక మొన్న నీ తూటాల గురించి పదిమంది ముందు నీకే ఉపన్యాసం ఇచ్చాను. నీ కన్నుకి అంతపనీ జరిగుంటే సగం నా వల్లే జరిగేది."

ఓరిన్ పారని తొట్టికి ఆనించాడు. ఉత్త తూటాని ముక్కలోకి తోసి, తలకిందులు చేసి, చెవి దగ్గర ఊపాడు.

"పట్టేసింది," అన్నాడు.

"పట్టేసింది."

"తెలివితక్కువ ముసలోణ్ని. నేను కొలుచుకోవద్దూ?"

"నేను చెప్పొద్దూ?"

"మరి గ్రెయినున్నర?"

"అది మాత్రం పూర్తిగా నీదే. దాన్ని నేను తీసుకోను."

ఓరిన్ ముఖం ముడతలన్నీ ఒక్కసారి కదిలాయి. తొట్టిలో నీళ్లు అదిరేలా నవ్వాడు. వంటింటి కిటికీలోంచి బెర్నిస్ తల బయటికి పెట్టి, ఎవరు చచ్చారని అడిగింది.

ఒక గంటలో వెనక వరండాలో అట్టపెట్టెలన్నీ మళ్లీ విప్పారు. ఓరిన్ ప్రెస్సుని బల్లకి బిగించాడు. గుండుని గుల్లలోకి దింపే డై అచ్చుని ఆర్డిస్ పావు చుట్టు చొప్పున కిందికి తిప్పుతుంటే అతను ప్రతిసారీ పొడవు కొలిచి చెప్పాడు. పుస్తకంలో అన్నిటికంటే కింద ఉన్న తూకంతో మొదలుపెట్టారు. అతను మందు గరిటెని వేలితో తడుతూ గింజ గింజగా త్రాసులో రాల్చాడు. ఆర్డిస్ ప్రైమర్లు సర్దింది. మందు కాస్త కాస్త పెంచుతూ ఐదేసి తూటాలతో మూడు మెట్లు చేశారు. ట్రక్కులో పచ్చిక వెనక మట్టిదిబ్బ దగ్గరికి వెళ్లి, పొద్దున వస్తూ దారిలో ఆర్డిస్ డ్వేన్‌ని అడిగి తెచ్చిన వేగం పెట్టె పెట్టారు.

రెండో మెట్టు దగ్గర అంకె రెండు వేల ఎనిమిది వందల ఎనభై. బోల్టు వెన్నలో కత్తిలా తిరిగింది. కాగితం తెచ్చి చూస్తే ఐదు కన్నాలూ ఒక సీసా మూత కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి.

"నెమ్మది," అన్నాడు ఓరిన్, అంకెని చూసి.

"నెమ్మదే."

"పాతదాంతో ఎప్పుడూ ఇంత దగ్గర పడలేదు."

"పడలేదు."

అతను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ట్రక్కు దగ్గరికి వస్తూ అన్నాడు: "ఈ గొంతు సంగతి ఊళ్లో చెప్పకు. నాకు తెలిసింది చాలు. నీకు సీజను పని పోతుంది."

"చూద్దాంలే," అంది ఆర్డిస్.

*

మర్నాడు పొద్దున ఏడింటికి హోటల్లో ఎప్పటిలా తొమ్మిది మంది ఉన్నారు. గుడ్లు, ఆలుగడ్డల వేపుడు, పొగలు కక్కే కాఫీ. ఓరిన్ కిటికీ పక్కన కూర్చున్నాడు. శనివారం తర్వాత రావడం ఇదే మొదటిసారి. అందరూ అతనితో మరీ మర్యాదగా మాట్లాడుతున్నారు. అది తిట్టుకంటే ఘోరంగా ఉంది.

ఆర్డిస్ కూర్చోలేదు. కోటుతోనే బల్లల మధ్య నిలబడి చెప్పింది. పెద్దగా చెప్పలేదు గానీ, ఫోర్కుల చప్పుడు ఆగాక ప్రతి మాటా వినబడింది. శనివారం తను చూపించింది నిజమే గానీ మొత్తం నిజం కాదు. కొత్త గొట్టం వేసి, పాత పొడవు పనికిరాదని ఓరిన్‌కి ఒక్క మాట చెప్పలేదు. తప్పు ఇద్దరిదీ. నవ్వాల్సొస్తే ఇద్దర్నీ చూసి నవ్వండి.

ఎవరూ నవ్వలేదు. డ్వేన్ టోస్టు చేతిలో పట్టుకుని అడిగాడు: "అంటే, నీ తప్పు కూడా ఉందంటావు?"

"ఉంది."

"వినబడిందిగా," అన్నాడు కిటికీ దగ్గర్నుంచి ఓరిన్. "యాభై ఏడేళ్లకి ఒప్పుకుంది. నేను డెబ్భై తొమ్మిదికి ఒప్పుకున్నాను. నీకు అరవై నాలుగు కదా డ్వేన్, ఎప్పుడు మొదలెడతావు?"

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది, పైకప్పు అదిరింది. ఆర్డిస్ బయటికి నడిచింది. కొట్టు తలుపు తీస్తూ, ఈ సీజనుకి ఇంక పనేమీ రాదనుకుంది. ఖాళీగా ఉంటే లేత్ మిషను అడుగున ఊడ్చుకోవచ్చు.

పది నిమిషాలకి డ్వేన్ వచ్చాడు. ఒక చేతిలో రైఫిల్, ఇంకో చేతిలో తూటాల పెట్టె.

"మూడేళ్ల కిందట నా చిన్న తుపాకీకి గొట్టం మార్చావు చూడు," అన్నాడు గొణుగుతూ. "కాగితం మీద రాసే ఇచ్చావు. నేను చదవలేదు. పాత పొడవే చేస్తున్నా. బోల్టు కాస్త బిగుతుగా... నీ మీద అనుకున్నాలే మనసులో. కాస్త కొలిచిపెడతావా?"

అతని వెనకాల ఇంకో ఇద్దరున్నారు, చేతుల్లో పెట్టెలతో. మధ్యాహ్నానికి బల్ల మీద చోటు చాల్లేదు. ఒకళ్ల తండ్రి రాసిపెట్టిన లెక్కట, ఒకళ్ల బావమరిది చెప్పిందట, ఎవరూ ఎన్నడూ కొలవలేదట. ఓరిన్ కూడా వచ్చి, అడక్కుండానే స్టూలు లాక్కుని కూర్చుని, వెర్నియరు అందుకున్నాడు. వచ్చినవాళ్లని వచ్చినట్టే తిట్టాడు. సాయంత్రం దాకా తిడుతూ కొలిచాడు.

*

సీజను మొదలైన రెండో రోజు ఆదివారం. ఆర్డిస్ ఎనిమిదేళ్లుగా సీజనులో కొట్టు మూసింది లేదు. ఆ రోజు మూసింది.

గుట్ట కింద ట్రక్కు ఆపగానే రైఫిల్ తన భుజానికి తగిలించుకుంది. "నువ్వు నడువు, ఇది నేను తెస్తా," అంది. ఓరిన్ టోపీ సర్దుకుని ముందుకి కదిలాడు. నీడల్లో పలచగా మంచు ఉంది. అతను ఆగినప్పుడల్లా ఆమె ముందుగానే ఆగి దుర్భిణి కళ్లకి పెట్టుకుంది. ఖాళీ కొండనే శ్రద్ధగా చూసింది. సగం దగ్గర అతను ఒక రాయి మీద కూర్చుని, "పోయినేడు ఇక్కడే," అన్నాడు. ఫ్లాస్కు మూత తిప్పి కాఫీ పోసింది. ఇద్దరూ ఒకే మూతలో తాగారు.

ఆ రాయి అవతల చిన్న లోయలో, గాలికి ఎదురుగా, చెవులు పెద్దవిగా ఉన్న జింక ఒకటి పొదలు కొరుకుతోంది. ఓరిన్ రైఫిల్ అందుకుని, బోర్లా పడుకుని, మోచేతుల మీద పాకుతూ ముందుకెళ్లాడు. ఆర్డిస్ అతని బూట్ల అడుగుల్ని చూస్తూ వెనకాలే పాకింది. అతను ఎంతకీ ఆగడే. ఇంకాస్త, ఇంకాస్త అంటూ వెళ్లాడు. చివరికి ఆగి, ఊపిరి కుదిరేదాకా ఆగి, కాల్చాడు. జింక నాలుగడుగులు వేసి కూలింది. కిందికి వెళ్లేటప్పుడు ఆర్డిస్ అలవాటుగా అంగలు లెక్కపెట్టింది.

ఆ రాత్రి భోజనానికి బెర్నిస్ కాలేయం, ఉల్లిపాయలు కలిపి వేయించింది. ఓరిన్ రెండుసార్లు వడ్డించుకుని, గాలి ఎటు వీచిందీ, జింక ఎటు చూసిందీ, తను ఎలా పాకిందీ మొదటి నుంచి చెప్పాడు. బెర్నిస్ చెంప కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

"సరే, ఎంత దూరంలో కొట్టావు?" అంది.

ఓరిన్ ఫోర్కు గాల్లో ఆపి కాస్త ఆలోచించాడు. "నూట ఇరవై గజాలు."

బెర్నిస్ చూపు మెల్లగా ఆర్డిస్ వైపు తిరిగింది. నిజం ఎక్కడ దొరుకుతుందో ఈ పదిహేను రోజుల్లో ఆ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

ఆర్డిస్ లెక్కపెట్టినవి అరవై నాలుగు అంగలు, అంగకో గజం.

"ఉంటుంది పిన్నీ," అంది, ఉల్లిపాయల గిన్నె తన వైపు లాక్కుంటూ. "ఒక రెండు మూడు గజాలు ఎక్కువే ఉంటుంది."